చిన్న క్యాబినెట్‌లో ఓవర్‌క్లాకింగ్: చెన్నై ఎండకు ఆగే ప్రాసెసర్ కూలర్‌ను ఎంచుకునే పద్ధతి

"పదిహేను లీటర్ల క్యాబినెట్ కొన్నాను, ఓవర్‌క్లాక్ చేయాలి, ఏ కూలర్ పెట్టమంటారు?" ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. ఈ ప్రశ్నకు ఒక్క కూలర్ పేరు చెప్పేస్తే సగం మందికి అది పక్క ప్యానెల్‌కు తగులుతుంది, మిగతా సగం మందికి మే నెలలో చేతులెత్తేస్తుంది. పేరు ఆఖర్న వస్తుంది. అంతకుముందు మూడు అంకెలు తేలాలి: గదిలో ఎన్ని డిగ్రీలు, ప్రాసెసర్‌కు ఎన్ని వాట్లు, క్యాబినెట్‌లో ఎన్ని మిల్లీమీటర్లు. ఈ వరస తప్పితే డబ్బు వృథా.

ఇక్కడి లెక్కలన్నీ 20 లీటర్ల లోపు క్యాబినెట్లకు, అంటే 170 × 170 మి.మీ. మినీ-ఐటీఎక్స్ బోర్డు పట్టేవాటికి.

1. మీ ప్రాసెసర్, బోర్డు అసలు ఒప్పుకుంటాయా?

ఇంటెల్‌లో పేరు చివర "కె" ఉన్న ప్రాసెసర్, "జెడ్" వరస బోర్డు రెండూ ఉంటేనే మల్టిప్లయర్ (కోర్ల వేగాన్ని నిర్ణయించే గుణకం) కదులుతుంది. బి760 బోర్డులో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు గానీ కోర్ల మల్టిప్లయర్ పెరగదు. ఏఎండీలో బి650, బి850, ఎక్స్670 బోర్డులు పనికొస్తాయి, ఏ620 పనికిరాదు. రైజెన్ 7 7800ఎక్స్3డీకి మల్టిప్లయర్ లాక్ అయి ఉంటుంది, కానీ కర్వ్ ఆప్టిమైజర్ (కోర్ల వోల్టేజీ తగ్గించే సెట్టింగు) పనిచేస్తుంది. 9800ఎక్స్3డీకి ఆ లాక్ లేదు.

13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్ వాడేవాళ్లు కూలర్ సంగతి తర్వాత, ముందు బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) మార్చుకోండి. ఎక్కువ వోల్టేజీతో ప్రాసెసర్లు పాడయ్యే సమస్యకు సవరణలు 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చాయి. అంతకుముందు బయోస్ మీద ఓవర్‌క్లాక్ మొదలుపెట్టకండి.

2. గది వేడి నుంచి లెక్క మొదలు

గాలితో గానీ నీళ్లతో గానీ చల్లబరిచే ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది వేడి కంటే కిందికి తేలేదు. గది ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. రివ్యూల్లో కనిపించే అంకెలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో, తెరిచి పెట్టిన బెంచ్ మీద తీసినవి. చెన్నైలో కత్తిరి వెయిల్ అనేది మన కర్తరే. మే 4 ప్రాంతంలో మొదలై నెలాఖరు దాకా ఉంటుంది. ఆ రోజుల్లో వేలచ్చేరిలోనో పోరూరులోనో మిద్దె కింద గది ఏసీ లేకుండా 34, 35 డిగ్రీల్లో ఉండటం మామూలు. కూలర్‌ను జనవరికి కాదు, ఆ గదికి ఎంచుకోవాలి.

ఒక గోడ థర్మామీటరు కొని, కంప్యూటర్ పెట్టే బల్ల మీదే మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి చూడండి. ఏసీ వేసి ఆడేవాళ్లైతే ఏసీ వేసిన అరగంట తర్వాతి అంకె తీసుకోండి. దానికి క్యాబినెట్ లోపలి గాలి కోసం 5 నుంచి 10 డిగ్రీలు కలపండి. గ్రాఫిక్స్ కార్డు వేరే గదిలా విడిగా ఉండే శాండ్‌విచ్ తరహా క్యాబినెట్‌కు 5, అన్నీ ఒకే అరలో ఉండేదానికి 8, గాజు ప్యానెల్‌తో పెద్ద కార్డు ఉంటే 10.

ఇప్పుడు అసలు లెక్క. మీ ప్రాసెసర్‌తోనే పరీక్షించిన ఒక రివ్యూ వెతకండి. అందులో గది 22, ప్రాసెసర్ 120 వాట్ల దగ్గర 76 డిగ్రీలు అని ఉందనుకుందాం. పెరిగింది 54 డిగ్రీలు. 54ను 120తో భాగిస్తే వాటుకు 0.45 డిగ్రీలు. ఆ జోడీకి ఇదే కొలమానం.

మీ గది 34, లోపలి గాలికి 7 కలిపితే 41. ప్రాసెసర్ 88 దాటకూడదని పెట్టుకుంటే మిగిలింది 47 డిగ్రీలు. 47ను 0.45తో భాగించండి: 104 వాట్లు. ఇదే కూలర్ 24 డిగ్రీల ఏసీ గదిలో అయితే 31 నుంచి 88 దాకా 57 డిగ్రీల వ్యవధి, అంటే 126 వాట్లు. కూలర్ మారలేదు, గది మారితే 22 వాట్లు మారాయి. వేరే ఊళ్లో బాగా పనిచేసిందని విన్న కూలర్ ఇక్కడ ఎందుకు కూలబడుతుందో ఈ ఒక్క లెక్క చెప్పేస్తుంది.

రివ్యూ వేరే ప్రాసెసర్‌తో చేసినదైతే ఈ భాగహారం తప్పుతుంది. రైజెన్‌లో ఎనిమిది కోర్లూ ఒకే చిన్న సిలికాన్ ముక్కలో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి, అవే వాట్లకు పెద్ద ముక్క ఉన్న ఇంటెల్ కంటే ఎక్కువ వేడి చూపిస్తాయి. కూలర్ డబ్బా మీద అచ్చేసిన "ఇన్ని వాట్లు" అంకెను పట్టించుకోకండి. దానికి అందరూ పాటించే ప్రమాణమేదీ లేదు.

3. ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగుతుంది?

ఏఎం5 (ఏఎండీ కొత్త సాకెట్) రైజెన్‌లో సాకెట్‌కు అందే గరిష్ఠ వాట్లను పీపీటీ అంటారు. అది టీడీపీకి (కంపెనీ వివరాల్లో రాసే వాట్లకు) 1.35 రెట్లు: 65 వాట్ల ప్రాసెసర్‌కు 88, 105కు 142, 120కి 162, 170కి 230. ఇంటెల్‌లో పీఎల్2 (గరిష్ఠ వాట్ల పరిమితి) చూడండి: ఐ5-13600కె, 14600కెలకు 181 వాట్లు, ఐ7-14700కెకు 253.

వేడి పరిమితులు కూడా రాసుకోండి. రైజెన్ 7000, 9000లకు ఎక్కువగా 95 డిగ్రీలు, 7800ఎక్స్3డీకి 89, ఇంటెల్ 13, 14 తరాలకు 100. ఆ గీత తాకగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందుకే గీతకు 5 నుంచి 8 డిగ్రీలు కిందే మీ లక్ష్యం పెట్టుకోవాలి.

రెండో విభాగంలో వచ్చిన వాట్లు ఇక్కడి వాట్ల కంటే తక్కువైతే కంగారు పడనక్కర్లేదు. చిన్న క్యాబినెట్‌లో ఓవర్‌క్లాకింగ్ అంటే వోల్టేజీ తగ్గించి, అవే వాట్లలో ఎక్కువ వేగం రాబట్టడం. వాట్లు గుమ్మరించే పద్ధతి పెద్ద టవర్ క్యాబినెట్లది.

4. కొలత: ఈ పని తొందరగా చేయకండి

ఇంతకుమించి పొరపాట్లు జరిగే చోటు ఇంకోటి లేదు. క్యాబినెట్ వివరాల్లో రాసిన ఎత్తు ఒక్కటి చూసి కొనేస్తే చాలదు.

• ఎత్తు: బోర్డు, ప్రాసెసర్ బిగించాక ప్రాసెసర్ లోహపు మూత నుంచి ప్యానెల్ లోపలి అంచు దాకా కొలవండి. క్యాబినెట్ అంచుల మీద ఒక స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, రెండో స్కేలుతో లోతు చూస్తే సరిపోతుంది. గాజు ప్యానెల్, జాలీ ప్యానెల్ రెండూ వస్తే రెండిటికీ విడివిడిగా కొలవండి.

• గాలికి చోటు: గాజు ప్యానెల్ అయితే ఫ్యాన్ పైన కనీసం 15 మి.మీ. ఖాళీ ఉండాలి. 70 మి.మీ. పట్టే క్యాబినెట్‌లో గాజు వెనక 70 మి.మీ. కూలర్ పెడితే ఫ్యాన్‌కు ఊపిరాడదు. జాలీ ప్యానెల్ అయితే దాదాపు ఆనుకుని ఉన్నా ఫరవాలేదు.

• ర్యామ్: హీట్‌స్ప్రెడర్ తక్కువ ఎత్తున్న డీడీఆర్5 కర్రలు 33 నుంచి 35 మి.మీ. ఉంటాయి, లైట్లున్నవి తరచుగా 40 దాటుతాయి. 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న చాలా కూలర్లు ఐటీఎక్స్ బోర్డులో ర్యామ్ మీదికి వస్తాయి. టవర్ కూలర్‌లో ముందు ఫ్యాన్‌ను ర్యామ్ కోసం పైకి జరిపితే మొత్తం ఎత్తు పెరగవచ్చు.

• వీఆర్ఎమ్ (ప్రాసెసర్‌కు వోల్టేజీ సర్దే భాగాలు) హీట్‌సింకులు: ఐటీఎక్స్ బోర్డుల్లో సాకెట్‌కు రెండు వైపులా ఇవి గోడల్లా లేస్తాయి. కూలర్ కంపెనీ సైట్‌లో మీ బోర్డు మోడల్‌తో సరిపోతుందో లేదో చూసే జాబితా ఉంటే తప్పక చూడండి. ఏ దిశలో తిప్పి పెట్టాలో కూడా అక్కడే రాస్తారు.

• కేబుళ్లు: 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్ కేబుల్ వంపు తిరగడానికి 25 నుంచి 30 మి.మీ. కావాలి. చిన్న క్యాబినెట్లకు వాడే ఎస్ఎఫ్ఎక్స్ ఎస్ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై) 100 మి.మీ. లోతు, ఎస్ఎఫ్ఎక్స్-ఎల్ 130 మి.మీ. ఆ 30 మి.మీ. తేడా ఎక్కువసార్లు కేబుళ్ల చోటునే మింగుతుంది.

కొలతలయ్యాక అట్టపెట్టె కోసి కూలర్ పొడవు, వెడల్పు, ఎత్తులతో ఒక డమ్మీ చేసి లోపల పెట్టి ప్యానెల్ మూసి చూడండి. థర్మకోల్‌తో చేయకండి, అది రాపిడికి స్టాటిక్ పుట్టిస్తుంది.

5. ఏ ఎత్తుకు ఏ కూలర్

కింద రాసిన వాట్లు 34 డిగ్రీల గదిలో, ప్యానెళ్లు మూసి, ఆగకుండా అన్ని కోర్లూ పనిచేసేటప్పటి అంచనాలు. మీ లెక్క రెండో విభాగంలో వచ్చిందే.

37 నుంచి 45 మి.మీ.: నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ (ఇంటెల్), ఎన్‌హెచ్-ఎల్9ఏ (ఏఎండీ) రెండూ 37 మి.మీ. ఎత్తు. ర్యామ్‌కు ఎప్పుడూ తగలవు. 65 నుంచి 80 వాట్లు. ఇక్కడ ఓవర్‌క్లాక్ ఆశ వదులుకోండి. వోల్టేజీ తగ్గించడం వరకే.

47 నుంచి 55 మి.మీ.: థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 (47 మి.మీ.), ఎక్స్53 (53 మి.మీ.). 85 నుంచి 100 వాట్లు. ఆరు, ఎనిమిది కోర్ల రైజెన్‌కు కర్వ్ ఆప్టిమైజర్‌తో మంచి జోడీ. పది లీటర్ల క్యాబినెట్‌కు డబ్బుకు తగిన ఫలితం ఇక్కడే ఎక్కువ.

67 నుంచి 77 మి.మీ.: ఏఎక్స్‌పీ120-ఎక్స్67 (67 మి.మీ.), ఎన్‌హెచ్-ఎల్12ఎస్ (70 మి.మీ.). 100 నుంచి 125 వాట్లు. ఫ్యాన్ కిందికి ఊదుతుంది కాబట్టి వీఆర్ఎమ్, ఎమ్.2 డ్రైవ్ (బోర్డు మీదే బిగించే ఎస్ఎస్‌డీ) కూడా చల్లబడతాయి. ఓవర్‌క్లాక్‌లో ఇది చిన్న లాభం కాదు.

110 నుంచి 125 మి.మీ.: ఎన్‌హెచ్-డీ9ఎల్ (110 మి.మీ.), ఎన్‌హెచ్-యూ9ఎస్ (125 మి.మీ.). 120 నుంచి 145 వాట్లు. 92 మి.మీ. ఫ్యాన్ కాబట్టి చప్పుడు కొంచెం ఎక్కువ.

155 మి.మీ. దాకా: థర్మల్‌రైట్ పియర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ, డీప్‌కూల్ ఏకే400 రెండూ 155 మి.మీ. కూలర్ మాస్టర్ ఎన్ఆర్200కు జాలీ ప్యానెల్‌తో పరిమితి కూడా సరిగ్గా 155. అంటే మిగిలేది సున్నా. ఇలాంటి చోట పొడవు ర్యామ్ వద్దు, ముందు ఫ్యాన్ పైకి జరపడం కుదరదు. రెండు టవర్ల కూలర్‌తో 170 నుంచి 200 వాట్లు ఆశించవచ్చు. క్యాబినెట్ పట్టేట్టుంటే ముందు దీన్నే ఆలోచించండి.

240 మి.మీ. లిక్విడ్ కూలర్: మామూలు రేడియేటర్ 27 మి.మీ., ఫ్యాన్ 25 మి.మీ., కలిపి 52. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 రేడియేటరే 38 మి.మీ., ఫ్యాన్‌తో 63. రేడియేటర్ పొడవు 240 కాదు, ట్యాంకులతో కలిపి 275 మి.మీ. పైనే. టవర్ పట్టని, రేడియేటర్ పట్టే క్యాబినెట్‌కు ఇదే దారి. పంపు ఎప్పుడూ రేడియేటర్ పై అంచు కంటే కింద ఉండాలి. లేకపోతే గాలి బుడగలు పంపులో చేరి గరగర మంటుంది, వేడి పెరుగుతుంది. 120 మి.మీ. రేడియేటర్ మాత్రం ఓవర్‌క్లాక్‌కు దండగ. అదే ధరలో 155 మి.మీ. టవర్ మెరుగు.

6. రిచీ స్ట్రీట్‌కు వెళ్లేముందు

చింతాద్రిపేటలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొంటే వస్తువును చేతిలో పట్టుకుని చూసే లాభం ఉంది, దాన్ని వాడుకోండి.

• ఇంటెల్ సాకెట్లలో ఎల్‌జీఏ1700 బిగింపు రంధ్రాలు 78 మి.మీ. దూరంలో, ఎల్‌జీఏ1200వి 75 మి.మీ. దూరంలో ఉంటాయి. పాత స్టాకు డబ్బాలో 1700 కిట్ ఉందో లేదో తెరిచి చూడండి. ఎల్‌జీఏ1851కు 1700 కిట్టే సరిపోతుంది.
• ఏఎం5లో బోర్డు వెనక ప్లేటు తీయకూడదు, అది సాకెట్‌ను పట్టి ఉంచుతుంది. సొంత వెనక ప్లేటు తప్పనిసరిగా అడిగే ఏఎం4 కూలర్ ఏఎం5లో పట్టదు.
• బేస్ గీతలు లేకుండా ఉందా, రెక్కలు వంగాయా, అన్ని స్క్రూలూ ఉన్నాయా?
• అట్ట డమ్మీ కొలతలు, ర్యామ్ ఎత్తు ఫోన్‌లో ఉన్నాయా?
• బిల్లు మీద సీరియల్ నంబరు రాయించారా? వారంటీకి అదే ఆధారం.

7. బిగించే వరస

బోర్డును క్యాబినెట్‌లో పెట్టకముందే, దాని డబ్బా మీద పెట్టి కూలర్ బిగించండి. లోపల పెట్టాక స్క్రూడ్రైవర్ నిలువుగా దిగదు.

1) ర్యామ్, ఎమ్.2 డ్రైవ్ ముందే పెట్టేయండి. కూలర్ వచ్చాక వాటికి చెయ్యి పట్టదు.

2) ఫ్యాన్ వైరు, ప్రాసెసర్ పవర్ కేబుల్ కనెక్టర్లు కూలర్ కిందికి వచ్చేట్టుంటే ఆ కేబుళ్లు కూడా ఇప్పుడే గుచ్చండి.

3) బేస్ మీది ప్లాస్టిక్ పొర తీయండి. వంద డిగ్రీలకు పరిగెత్తే కొత్త కంప్యూటర్లలో ఈ పొర తీయనివి ఇప్పటికీ దొరుకుతున్నాయి.

4) థర్మల్ పేస్ట్ బఠాణీ గింజంత మధ్యలో, నాలుగు మూలలకూ ఆవగింజంత. ఏఎం5 మూత అంచుల్లోని గాడుల్లోకి కొద్దిగా పారినా, విద్యుత్తు ప్రవహించని పేస్ట్ అయితే నష్టం లేదు. లిక్విడ్ మెటల్ వద్దు. అల్యూమినియాన్ని తినేస్తుంది, బోర్డు మీద జారితే షార్ట్ అవుతుంది.

పేస్ట్ బదులు పీటీఎమ్7950 షీటు వాడితే ఇంకా మంచిది. పదేపదే వేడెక్కి చల్లారినా పేస్ట్‌లా అంచులకు జరిగిపోదు. 45 డిగ్రీల దగ్గర మెత్తబడే పదార్థం కాబట్టి చెన్నై గదిలో పొర వలవడం చాలా చికాకు. గాలి చొరని కవర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో పావుగంట ఉంచి, బయటికి తీశాక కవర్ మీది తడి తుడిచి, అప్పుడు వలవండి. కంప్యూటర్ నాలుగైదు సార్లు బాగా వేడెక్కాకే దాని అసలు ఫలితం కనిపిస్తుంది.

5) స్క్రూలు ఎదురెదురు మూలలకు, రెండేసి చుట్లు చొప్పున. ఒకవైపు పూర్తిగా బిగించి రెండో వైపు వెళితే బేస్ ఏటవాలుగా కూర్చుంటుంది.

6) ఏఎం5 రైజెన్‌లో వేడి పుట్టే ముక్కలు మూత మధ్యలో కాకుండా ఒక అంచు వైపు ఉంటాయి. కూలర్‌ను 7 మి.మీ. అటు జరిపే పట్టీలు నాక్టువా ఇస్తుంది, 1 నుంచి 3 డిగ్రీలు తగ్గుతాయి. ఇంత తక్కువ ఖర్చుకు అంత లాభం ఇంకెక్కడా దొరకదు.

8. గాలి దారి

జాలీ ప్యానెల్ కింద చదునైన కూలర్ పెట్టి, మధ్యలో 10 నుంచి 20 మి.మీ. ఖాళీ వదిలేస్తే ఫ్యాన్ బయటి గాలి కంటే లోపలి వేడి గాలినే తిప్పి తిప్పి పీలుస్తుంది. ఆ సందును ఫ్యాన్ చుట్టూ ఫోమ్ చట్రంతో మూయండి. ఎల్9 కూలర్లకు నాక్టువా ఎన్ఏ-ఎఫ్‌డీ1 అనే కిట్ అమ్ముతుంది. మిగతావాటికి తలుపు సందులకు అంటించే ఫోమ్ టేపు చాలు.

టవర్ కూలర్ అయితే ఫ్యాన్ ఊదే దిక్కు క్యాబినెట్ వెనక లేదా పైన ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ వైపు ఉండాలి. కింద ఫ్యాన్లు లోపలికి, పైవి బయటికి. ఇందులో కొత్త ప్రయోగాలు అక్కర్లేదు.

9. ట్యూనింగ్: ఒకసారికి ఒకే మార్పు

ప్యానెళ్లు మూసే పరీక్షించండి. గది వేడి పక్కన రాసుకోండి.

ముందు ఏమీ మార్చకుండా సినీబెంచ్ ఆర్23 (వేగం కొలిచే పరీక్ష) పది నిమిషాలు నడిపి, దాని స్కోరు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో కనిపించే వేడి, వాట్లు, ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా అందుతున్న వేగం) రాసుకోండి.

రైజెన్‌లో: బయోస్‌లోని పీబీఓ (ఏఎండీ ఓవర్‌క్లాక్ సెట్టింగులు) విభాగంలో వేడి పరిమితి 88 (7800ఎక్స్3డీకి 84), పీపీటీ మీ లెక్కలో వచ్చిన వాట్లు. తర్వాత కర్వ్ ఆప్టిమైజర్ అన్ని కోర్లకూ మైనస్ 10. ఒక్కో కోర్‌ను విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్‌తో రాత్రంతా పరీక్షించి, తప్పు రాకపోతే మైనస్ 15, ఆపై 20. ఒక్క కోర్ తప్పినా ఆ కోర్‌ను మాత్రమే 5 వెనక్కి తేండి. ఇది స్థిరపడ్డాకే బూస్ట్ క్లాక్‌ను 50 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచండి.

ఇంటెల్‌లో: పీఎల్1 (నిలకడగా వాడే వాట్ల పరిమితి), పీఎల్2 రెండూ మీ వాట్లకు. వోల్టేజీ ఆఫ్‌సెట్ మైనస్ 0.025 వోల్టుల మెట్లలో దించుతూ, ప్రతి మెట్టుకూ ఓసీసీటీ అనే స్థిరత్వ పరీక్ష ఒక గంట. ఆ తర్వాతే మల్టిప్లయర్.

స్కోరు తగ్గి వేడి తగ్గితే అది గెలుపు కాదు. వోల్టేజీ చాలక ప్రాసెసర్ లోలోపల వేగం తగ్గించుకుంటోందని అర్థం. మామూలు క్లాక్ 5,200 అని చూపిస్తూ ఎఫెక్టివ్ క్లాక్ 4,900 దగ్గర ఉంటే ఒక మెట్టు వెనక్కి రండి.

10. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

ముందు ఒక్క పరీక్ష: పూర్తి లోడు మీద పక్క ప్యానెల్ తీసేయండి. ఐదు నిమిషాల్లో వేడి 5 డిగ్రీలకు మించి పడితే తప్పు గాలి దారిలో ఉంది. పడకపోతే తప్పు బిగింపులో గానీ వోల్టేజీలో గానీ ఉంది.

• లోడు మొదలైన రెండు సెకన్లలోనే 95: ప్లాస్టిక్ పొర, వదులు స్క్రూ, లేదా పంపు తిరగడం లేదు.
• పది నిమిషాలకు మెల్లగా పైకి: క్యాబినెట్‌లో గాలి నిలిచిపోతోంది, లేదా రేడియేటర్ నీళ్లు వేడెక్కుతున్నాయి.
• పేస్ట్ మార్చి ఆరు నెలలకే 6, 7 డిగ్రీలు ఎక్కువ: పేస్ట్ అంచులకు జరిగింది. షీటుకు మారండి.
• ఫ్యాన్ ఊరికే హెచ్చుతగ్గుల అరుపు: బయోస్‌లో ఫ్యాన్ వేగం మారే వ్యవధి 4, 5 సెకన్లకు పెంచండి.
• ప్రాసెసర్ చల్లగానే ఉంది, వేగం మాత్రం పడుతోంది: వీఆర్ఎమ్ వేడి చూడండి. టవర్ కూలర్లతో ఇది తరచూ జరుగుతుంది. దానివైపు ఒక సన్న ఫ్యాన్ పెట్టండి.

జాలీ ఫిల్టర్‌ను మూడు నాలుగు వారాలకోసారి కడిగి ఆరబెట్టండి. బ్లోయర్‌తో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ట్యూనింగ్ పూర్తయిన రోజు తేదీ, గది వేడి, స్కోరు, వాట్లు ఒక చీటీ మీద రాసి ప్యానెల్ లోపలి వైపు అంటించండి. మే మొదటి వారంలో పది నిమిషాల పరీక్ష మళ్లీ నడిపి, ఆ చీటీతో పోల్చి, అవసరమైతే పీపీటీ లేదా పీఎల్1 ఒక పది వాట్లు దించండి.